వంద లెక్కపెట్టే చెయ్యి

ఒక విశ్వవిద్యాలయంలో ఫైబర్‌తో చేసిన ఆవు ఒకటి, పట్టపగలు, పరీక్ష జరుగుతుండగా, నిజమైన దూడను ఈనింది. కోడెదూడ. నుదుట తెల్లమచ్చ. కళ్ళారా చూసినవాళ్ళు పదకొండు మంది.

సరే, అంత కోపంగా చూడకండి. ఈనలేదు. ఫైబర్ ఆవు ఎలా ఈనుతుంది, దానికి ముందు సగమే లేదు కదా! ఈనింది పక్క షెడ్డులో ఉన్న రక్తమాంసాల ఆవే. చూసినవాళ్ళు కూడా పదకొండు మంది కాదు, అయిదుగురు. కానీ ఆ ఫైబర్ ఆవు లేకపోతే ఆ దూడ బతికి బట్టకట్టేది కాదన్న మాట మాత్రం నిజం. బెత్తం పట్టుకున్న హెడ్‌మిస్ట్రెస్ ఎదురుగా నిలబెట్టి అడిగినా ఆ మాటలో తేడా రాదు.

పశువైద్య కళాశాలలో వెనక వరండా చివరి గదికి స్కిల్స్ ల్యాబ్ అని బోర్డు ఉంటుంది. ప్రాణమున్న జంతువు మీద చెయ్యి వేసే ముందు పిల్లలు చేతులు కాల్చుకోవాల్సిన గది అది. గోడ పక్క బల్లల మీద కుట్లు నేర్చుకునే స్పాంజి ముక్కలుంటాయి. ఒక మూల రబ్బరు కుక్కకాలు ఉంటుంది, దాని నరంలో ఎర్రరంగు నీళ్ళు పారుతుంటాయి. గది మధ్యలో, ఇనుప స్టాండు మీద, నడుము నుంచి తోక వరకు మాత్రమే ఉన్న నలుపూ తెలుపూ ఆవు. పిల్లలు దానికి అత్తగారు అని పేరు పెట్టారు. ఎంత చాకిరీ చేసినా మెచ్చుకోదు, ఎప్పుడూ ఏదో తప్పు బయటపెడుతుంది కాబట్టి.

ఆ గదిని నడిపే డాక్టరమ్మకి కూడా పేరుంది: చెయ్యి మేడం. ఎవరు ఏం అడిగినా ఆమె జవాబు ఒకటే. "నన్నడుగుతావేం? చెయ్యి ఏం చెబుతోంది?"

మేడం దగ్గర రెండు నియమాలు ఉన్నాయి. మొదటిది, చెప్పి ముట్టుకోవాలి. ఫైబర్‌దైనా సరే, పలకరించకుండా చెయ్యి వేస్తే రెండు మార్కులు గోవిందా. "నీ వీపు మీద ఎవరైనా వెనకనుంచి వచ్చి చల్లటి చెయ్యి వేస్తే ఎగిరి గంతెయ్యవూ? దానికీ అంతే" అంటుంది. అందుకే ఆ గదిలోంచి రోజంతా వినిపించే మాట ఒకటే. "అత్తగారూ, వస్తున్నానండీ!"

రెండోది, వంద. అది అర్థం కావాలంటే ముందు అత్తగారి కడుపులో ఏముందో తెలియాలి.

లోపల గుడ్డా రబ్బరూ కలిపి కుట్టిన దూడ ఒకటి ఉంటుంది. దాన్ని మేడం రోజుకో తీరుగా పడుకోబెడుతుంది. ఒకరోజు కాళ్ళు ముందుకి, ఒకరోజు తోక ముందుకి, ఒకరోజు తల వెనక్కి తిప్పి. పిల్లలు భుజం దాకా గ్లోవు తొడుక్కుని, చూపు గోడ మీదే ఉంచి, చేత్తో వెతకాలి. దొరికిన కాలిలో మొదటి రెండు కీళ్ళూ ఒకే వైపు వంగితే ముందుకాలు, చెరోవైపు వంగితే వెనకకాలు. ఆ తర్వాత నోరు వెతికి, రెండు వేళ్ళు నాలుక మీద పెట్టి, ఆగాలి. కడుపులో దూడ బతికుంటే వేళ్ళను చప్పరిస్తుంది. పోయి ఉంటే చప్పరించదు. బతికుంటే ఒక దారి, పోయి ఉంటే తీగరంపంతో లోపలే కోసి ముక్కలుగా తీసే దారి. అందుకని మేడం వంద అంకెలు లెక్కపెట్టేవరకు "పోయింది" అనే మాట ఎవరి నోటా రానివ్వదు.

గుడ్డదూడ ఎలా చప్పరిస్తుందంటారా? దాని నోట్లో స్పాంజి నాలుక ఉంది. నాలుక కింద నుంచి సన్నటి గొట్టం ఒకటి బయటికి వచ్చి, తెర వెనక, పాత బీపీ మిషన్ నుంచి పీకిన రబ్బరు బుడ్డి దగ్గర తేలుతుంది. ఆ బుడ్డి పట్టుకుని కుర్చీలో కూర్చునే అటెండరే పంపు బాబాయ్. ఒకటికీ వందకీ మధ్య తన ఇష్టమొచ్చిన అంకె దగ్గర నొక్కుతాడు. ఒక్కోసారి నొక్కనే నొక్కడు. విశ్వవిద్యాలయం మొత్తంలో చావుబతుకులు తన గుప్పిట్లో పెట్టుకున్న మనిషి తానొక్కడేనని చెప్పుకుంటాడు. వైస్ ఛాన్సలర్‌కి కూడా అంత అధికారం లేదట.

ఆ ఏడాది అత్తగారి చేతిలో అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్న కోడలు ఎక్స్‌ప్రెస్. ఆ అమ్మాయి నడక వేగం, మాట వేగం, తిండి వేగం. కుట్లు వేస్తే కుట్టుమిషను సిగ్గుపడాలి. కానీ వంద దగ్గరే బండి ఆగేది కాదు.

"మేడం, పోయింది."

"ఎంతవరకు లెక్కపెట్టావు?"

"వంద మేడం."

"నేను వాచీ చూస్తున్నాను తల్లీ. పదకొండు సెకన్లయింది. పదకొండు సెకన్లలో వంద ఎలా వచ్చింది, పదేసి చొప్పున ఎక్కావా?"

తెర వెనక నుంచి బాబాయ్ గొంతు లేచేది. "డాక్టరమ్మా, నేనింకా కుర్చీలో సర్దుకోనే లేదు! నాకు టైమివ్వకుండా చంపేస్తే ఎలా?"

ఇలా రెండుసార్లు ఫెయిలైంది. మూడోసారి కూడా పోతే తోటివాళ్ళంతా ఆస్పత్రి డ్యూటీలకు వెళ్ళిపోతారు, తనొక్కతే ఇంకో ఏడాది అత్తగారింట్లో.

మేడం ఆ అమ్మాయిని తిట్టేది గానీ, తిట్టాక కిటికీ వైపు తిరిగి, ఎడమచేతి వేళ్ళను బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూసుకునేది. అది ఆమెకు అలవాటని అందరూ అనుకునేవాళ్ళు. ఒక్క పంపు బాబాయ్ తప్ప.

మేడం పద్దెనిమిదేళ్ళు పాకల్లోనూ దొడ్లలోనూ పనిచేసిన మనిషి. పుట్టు ఎడమచేతివాటం. ఆ ఎడమచెయ్యి ఆవు కడుపులోకి వెళ్ళిందంటే ఇంటావిడ వంటగదిలోకి వెళ్ళినట్టే, ఏ డబ్బా ఎక్కడుందో దీపం వెయ్యకుండా చెప్పేది. ఎనిమిదేళ్ళ కిందట, చెయ్యి భుజం దాకా లోపలుండగా, ఒక ఆవు ఉన్నట్టుండి కూలబడింది. చెయ్యి విరగలేదు, కానీ భుజం దగ్గర నరాలు సాగిపోయాయి. ఆరు నెలలకు బలం తిరిగొచ్చింది. బొటనవేలికీ, చూపుడువేలికీ, నడిమివేలికీ స్పర్శ మాత్రం రాలేదు.

రాలేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ పనిలోకి దిగింది. దిగిన మూడో వారంలో, ఒక ముసలామె ఆవుకి ఈత కష్టమైందంటే వెళ్ళి, చెయ్యి పెట్టి, నోట్లో వేళ్ళుంచి, కాసేపు ఆగి చెప్పింది. "పోయిందమ్మా." తీగరంపం సంచిలోంచి తీసి సబ్బునీళ్ళలో వేసింది కూడా.

ముసలామె ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. "ఇంకో వంద లెక్కపెట్టు తల్లీ. ఆపైన నీ ఇష్టం" అంది.

ఆమె మాట తీసెయ్యలేక డాక్టరమ్మ మళ్ళీ చెయ్యి పెట్టింది. ఎనభై దాటాక దూడ కాలు విదిల్చింది. ఆ విదిలింపు తగిలింది వేళ్ళకు కాదు, మోచేతికి. అంటే దూడ నిక్షేపంగా ఉంది! అంటే అది అప్పటిదాకా ఆమె వేళ్ళు చప్పరిస్తూనే ఉండి ఉంటుంది. నేనున్నాను, నేనున్నాను అని అది చెబుతూ ఉంటే, ఆ వేళ్ళు వినకుండా రంపం తెచ్చుకున్నాయి.

దూడ బతికింది. ముసలామె సంతోషంగా చెంబుడు పాలిచ్చింది. డాక్టరమ్మ బండి ఎక్కి, మలుపు తిరిగాక ఆపి, రోడ్డు పక్కన కూర్చుండిపోయింది. వారం తిరక్కుండా ఈ గదికి బదిలీ పెట్టుకుంది. కుడిచేత్తో చెయ్యొచ్చుగా అని ఆమె భర్త ఒకసారి అడిగితే, "కుడిచెయ్యి పట్టుకుంటుంది గానీ వినదండీ" అంది. అంతే, ఆ సంగతి ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఆ భర్త డ్రైవింగ్ స్కూలు మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు తొక్కి బతికినవాడు. ఇంట్లో సోఫాలో కూర్చున్నా టీవీలో బండి కనిపిస్తే కుడికాలు నేలను తొక్కుతుంది. భార్య స్టవ్ దగ్గరికి వెళితే కూడా తొక్కుతుంది. ఎందుకంటే ఆమె ఎడమచేత్తో గిన్నె పట్టుకుంటే కాలుతున్న సంగతి వాసన వచ్చేదాకా తెలియదు. అందుకే ఆయన రోజూ టీ తానే వడగట్టి, గ్లాసును ఆమె కుడిచేతి వైపు పెడతాడు. ఎందుకని ఆమె అడగదు, ఆయన చెప్పడు.

సాయంత్రం అయిదున్నరకి పిల్లలు వెళ్ళిపోయాక ఆ గదిలో ఇంకో క్లాసు జరిగేది. విద్యార్థిని మేడమే. ఎడమచేతికి గ్లోవు తొడుక్కుని "అత్తగారూ, వస్తున్నా" అని, గుడ్డదూడ నోట్లో ఆ మూడు వేళ్ళూ పెట్టేది. బాబాయ్ తెర వెనక బుడ్డి పట్టుకునేవాడు. ఆమె లోలోపల లెక్కపెట్టుకుంటూ, ఎక్కడో ఒకచోట, "ఇప్పుడు" అనేది.

"కరెక్టే డాక్టరమ్మా! ఇప్పుడే నొక్కాను."

ఇలా నాలుగు రోజులు వరసగా కరెక్టే. అయిదో రోజు ఆమె చెయ్యి బయటికి తీసి, గ్లోవు విప్పుతూ అంది. "బాబాయ్, నువ్వు బుడ్డి నొక్కడానికి ముందుకి వంగుతావు. అప్పుడు కుర్చీ కిర్రుమంటుంది. నేను చెప్పింది కుర్చీని విని."

బాబాయ్ తల గోక్కున్నాడు. "అమ్మా, మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ చెబుతా. నాలుగు రోజుల్లో రెండు రోజులు నేనసలు నొక్కనే లేదు. ఊరికే నడుం పట్టేసి కదిలా."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. మర్నాడు బాబాయ్ కిర్రుమనని స్టూలు తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె చెప్పిన "ఇప్పుడు" ఒక్కటీ కలవలేదు. అయినా రోజూ అయిదున్నరకి గ్లోవు తొడుక్కునేది. ఏం కావాలని? పాత ఉద్యోగమా? కాదు. చీకట్లో, వెచ్చటి నీళ్ళలో, ఇంకా పుట్టని నోరు ఒకటి వేళ్ళను పట్టుకుని లాగుతుందే, అది. పద్దెనిమిదేళ్ళలో ఎన్ని వందలసార్లు తగిలిందో, లెక్కైనా పెట్టనంత తేలిగ్గా తీసుకుంది. ఒక్కసారి, ఇంకొక్కసారి చాలనుకునేది.

ఎక్స్‌ప్రెస్ మూడో పరీక్ష రోజు వచ్చింది. ఉదయం పదకొండు. అమ్మాయి గ్లోవు తొడుక్కుని "అత్తగారూ" అనేలోపే పశువుల ఆస్పత్రి కాంపౌండరు పరుగున వచ్చాడు.

"మేడం, ఆవు. ఈత కష్టం. ఇద్దరు మనుషులు గంటసేపు లాగారట, రాలేదు. సర్జరీ సార్ గుర్రం పొట్ట తెరిచి ఉన్నారు, ఇప్పట్లో రాలేరు. రెండో సార్ క్యాంపుకి వెళ్ళారు. మిమ్మల్ని పిలవమన్నారు."

"నన్నా?"

"చెయ్యి మేడం ఉండగా ఎందుకు భయం అన్నారు సార్."

ఆ మాటకి మేడం మొహంలో రంగు మారడం బాబాయ్ ఒక్కడే చూశాడు. అయినా ఆమె వద్దనలేదు. చకచకా నడిచింది. వెనక బాబాయ్, ఆ వెనక, పరీక్ష ఆగిపోయిందో నడుస్తోందో తెలియక, భుజం దాకా గ్లోవుతో ఎక్స్‌ప్రెస్.

షెడ్డులో ఇనుప గొట్టాల మధ్య ఎర్రావు తల వాల్చి నిలబడి ఉంది. పక్కన దాని యజమాని, పాలాయన, దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయనే ఈనబోతున్నట్టు చెమటలు కారుతున్నాయి.

"బతికుందా అమ్మా? ఒక్క ముక్క చెప్పండి. పోయిందంటే కొయ్యండి, నా ఆవన్నా దక్కుతుంది."

మేడం ఎడమచెయ్యి భుజం దాకా సబ్బుతో కడుక్కుంది. ఎనిమిదేళ్ళయినా ఆ చెయ్యే ముందుకొచ్చింది. జెల్లీ రాసుకుంది. ఆవు నడుం మీద కుడిచెయ్యి వేసి, "వస్తున్నానమ్మా" అని మెల్లగా చెప్పింది. ఆవు చెవి తిప్పింది. మేడం చెయ్యి లేచింది. లేచి, గాలిలో అలాగే ఆగిపోయింది.

ఆమెకు ఎంత ఆశగా ఉందో! ఒక్క జానెడు దూరంలో ఉంది ఆమె కోరుకున్నదంతా. కానీ ఆ వేళ్ళు లోపలికి వెళ్ళి చెప్పబోయే మాటేమిటో ముందే తెలుసు. దూడ బతికున్నా, పోయినా, అవి చెప్పేది ఒకటే మాట.

చెయ్యి దించేసింది. "ఎక్స్‌ప్రెస్, ఇలా రా."

"నేనా మేడం? నేను రెండుసార్లు ఫెయిలయ్యాను కదా!"

"ఇది మూడోది. రా."

పాలాయన బిక్కచచ్చిపోయాడు. "ఫెయిలైన అమ్మాయినా అమ్మా?"

"మీరు ఆవు తల పట్టుకోండి నాన్నా" అన్నాడు బాబాయ్. "ఇక్కడ పాసైనవాళ్ళంతా గుర్రం దగ్గరున్నారు."

అమ్మాయి చెయ్యి లోపలికి వెళ్ళింది. మేడం పక్కనే నిలబడి, నేల వైపు చూస్తూ, చెవి మాత్రం అమ్మాయి వైపు పడేసింది.

"కాలు దొరికింది మేడం."

"ముందుదా, వెనకదా? చెయ్యి ఏం చెబుతోంది?"

"రెండు కీళ్ళూ ఒకేవైపు... ముందుది. రెండోది కూడా ఉంది. తల లేదు మేడం! తలే లేదు!"

"తల లేకుండా ఎక్కడికి పోతుంది? పక్కకి తిరిగి పడుకుని ఉంటుంది. మెడ వెంబడి వెళ్ళు. తొందరపడకు, ఆవు ముక్కినప్పుడు ఆగు. ముక్కడం ఆపాక కదులు."

"చెవి... కన్ను... ఆ, నోరు. అందింది. వేళ్ళు పెట్టాను." ఒక్క క్షణం. "మేడం, పోయింది."

"ఎంతవరకు లెక్కపెట్టావు?"

అమ్మాయి చూపు మేడం వాచీ మీద పడింది.

"నిజం చెప్పు తల్లీ."

"తొమ్మిది."

"మొదటినుంచి. పైకి, అందరికీ వినిపించేలా."

ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టింది. పది దాటాక బాబాయ్ గొంతు కలిపాడు. ఇరవై దాటాక కాంపౌండరు. ముప్ఫై దగ్గర, ఎందుకు లెక్కపెడుతున్నారో తెలియని పాలాయన కూడా ఆవు చెవిలో మొదలుపెట్టాడు. ఒకటో తరగతిలో ఎక్కాలు చదివినట్టు షెడ్డంతా ఒకే పాట. నోరు మెదపనిది మేడం ఒక్కతే. యాభై. అరవై. ఆవు ఒకసారి ముక్కింది, అమ్మాయి చెయ్యి నలిగి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా లెక్క తప్పలేదు. డెబ్బై. డెబ్బై ఒకటి. డెబ్బై రెండు.

డెబ్బై మూడు రాలేదు.

"ఏమైంది?" అంది మేడం.

"మేడం..." ఎక్స్‌ప్రెస్ కదలకుండా నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ అమ్మాయి అంత నిశ్చలంగా ఉండటం అదే మొదటిసారి. "చప్పరిస్తోంది."

పాలాయన ఆవు మెడను రెండు చేతులా వాటేసుకున్నాడు. కాంపౌండరు తాళ్ళ కోసం పరిగెత్తాడు. మేడం మాత్రం అమ్మాయి చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడనంత చిన్నగా అడిగింది.

"ఎలా ఉంది?"

"అంటే మేడం? మీకు తెలుసు కదా."

"తెలుసు. నువ్వు చెప్పు."

అమ్మాయి వెతుక్కుంది. "వెచ్చగా ఉంది. నాలుక కొంచెం గరుకుగా... మెల్లగా లాగుతోంది, ఆగి మళ్ళీ లాగుతోంది. నన్ను వాళ్ళమ్మ అనుకుంటోంది మేడం, పాపం."

మేడం కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత పనిలో పడింది. దూడను లోపలికి నెట్టించింది. చెవుల వెనకగా తాడు వేయించింది. తలను ముందుకి తిప్పించింది. ఒక్కసారి కూడా తన చెయ్యి పెట్టలేదు. పక్క సీట్లో కూర్చున్న డ్రైవింగ్ మాస్టారికి కనీసం రెండో బ్రేకుంటుంది. ఆమెకు గొంతొక్కటే ఉంది. ఇరవై నిమిషాలకు తడిసి ముద్దయిన కోడెదూడ గడ్డి మీద పడి, తుమ్మింది.

బయటికొచ్చాక పాలాయన ఊరంతా ఏం చెప్పుకున్నాడంటే, అక్కడ ఒక సగం ఆవుంది, ఆ ఆవు దగ్గర నుంచి లేచొచ్చిన అమ్మాయే నా దూడను బతికించింది అని. అది నోళ్ళు మారి మారి సగం ఆవే ఈనిందనే వరకు వచ్చింది. అందులో ఈ కథ చెప్పేవాళ్ళ తప్పేమీ లేదు.

ఇక అసలు సంగతి. అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక, మేడం దూడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేతి వేళ్ళు మూడూ దాని నోటికి అందించింది. దూడ లటుక్కున అందుకుంది. బుగ్గలు లోపలికి పోయేలా చప్పరించింది. ఆమె తన వేళ్ళ వైపే, ఎవరివో వేళ్ళను చూసినట్టు చూస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడి నుంచి ముగ్గురివి మూడు మాటలు. నలభై ఒకటి దగ్గర ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కోబోయిందనీ, చూపుడువేలి చివర ఏదో తగలకపోతే అలా ఎవరూ ఉలిక్కిపడరనీ పంపు బాబాయ్ అంటాడు. తలుపు సందులోంచి చూశాడట. లేదు, కదలకుండా వంద దాటి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టిందని, కుళాయి దగ్గర నుంచి చూసిన ఎక్స్‌ప్రెస్ అంటుంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఎవరికైనా తాపీగా లెక్కపెట్టి మరీ సాక్ష్యం చెబుతుంది. భర్త మాట వేరు. ఆ సాయంత్రం ఆయన టీ వడగట్టి, ఎందుకో, గ్లాసు ఆమె ఎడమచేతి వైపు పెట్టాడు. ఆమె ముట్టుకుని, కొంచెం ఆగి, "కాలుతోందండీ" అంది. ఆయన కాలు నేలను తొక్కడం మరచిపోయింది. పొగ చూసి అందో, వేలు చెబితే అందో అడిగే ధైర్యం ఆయనకు ఇవాళ్టికీ రాలేదు.

చివరికి ఇదంతా రాసి తీసుకెళ్ళి మేడం ముందే పెడితే, ఆమె కళ్ళజోడు సవరించుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివి, కాగితాలు బల్ల మీద పెట్టింది.

"అంతా అబద్ధం. ఎర్రావూ లేదు, దూడా లేదు. నా వేళ్ళు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. ఆ కుర్చీ అసలు కిర్రుమనేదే కాదు. పైగా ఆ రోజు నేను సెలవులో ఉన్నాను."